కళాశాల బోధకులకు బోధనాశిక్షణము
తాండూరు, వికారాబాదు విద్యార్థుల పక్షమున ఒక చరిత్ర విచారణ



మన మహాసభలలో విద్యను గూర్చిన ప్రసంగములకు కొఱత లేదు. వసతిగృహములు, విద్యార్థివేతనములు, ఫీజుల రాయితీలు, ఉద్యోగములలో మనవారి సంఖ్య, వీనిని గూర్చి ఏటేట తీర్మానములు చేయుచునే యున్నాము. ఇవి యన్నియు చదువుకొనువానికి సంబంధించినవి. చదువు చెప్పువాడు, అందును కళాశాలలో చెప్పువాడు, ఆ పనికై ఏమి నేర్చుకొని వచ్చెను? తన యెదుట కూర్చున్న బాలబాలికలు ఏ భాష మాటలాడు ఇండ్లనుండి వచ్చిరో, వారిలో ఎవరు తమ యింట మొదటి చదువరులో, ఎవరికి కన్ను కానరాదో, ఎవరికి చెవి వినరాదో తెలిసికొని, వారికందఱికిని ఒక్క గదిలో పాఠము చెప్పుట యెట్లో అతనికి నేర్పినవారు కలరా? ఈ ప్రశ్న మన దేశమున మిక్కిలి ఆలస్యముగా పుట్టినది. దాని చరిత్రను తాండూరు, వికారాబాదు ప్రాంతముల విద్యార్థుల పక్షమున నిలిచి చెప్పుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

ఈ ప్రాంతమునే యేల యెన్నుకొంటిననగా, పలువిధముల జనము కూడి బ్రదుకుటకు ఇంతకంటె మంచి నిదర్శనము మన తెలుగునాట అరుదు. అనంతగిరి కొండల నీరు రెండు దారులు పట్టును. మూసీ తూర్పుగా హైదరాబాదు నగరమునకు పోవును. కాగ్నా పడమరగా తాండూరు మీదుగా కన్నడసీమకు పోయి భీమానదిలో కలియును. మనుష్యులును అట్లే ఉభయదిక్కులవారు. తాండూరు తాలూకా 1956 నవంబరు 1వ తేదీ వఱకు గుల్బర్గా జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టము వలన కొడంగలు తాలూకాతోపాటు అది ఆంధ్రప్రదేశమున చేరినది. కనుక తాండూరు అంగడిలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినవచ్చును. చుట్టుపట్ల తండాలలో లంబాడీ భాష నాలుగవది. వికారాబాదు పైగా అమీరైన వికారుల్ ఉమ్రా పేరిట వెలసిన ఊరు. 1874లో వాడినుండి సికింద్రాబాదు వఱకు నైజాము రైలుమార్గము పడినప్పుడు ఈ రెండు ప్రాంతములును ఆ దారిలోనివైనవి. పై చదువునకు పోవలసిన బాలుడు నాటినుండియు ఆ రైలెక్కి నగరమునకు పోవుచునే యున్నాడు. బస్సులు వచ్చినను, 1978లో రంగారెడ్డి జిల్లాయు, 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లాయు ఏర్పడినను, పై చదువుల దారి మాఱలేదు.

తండాలవారి సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. 1976 నాటి సవరణ చట్టముచే తెలంగాణా లంబాడీలు షెడ్యూల్డు తెగలలో చేర్పబడిరి. తాండూరునకు పడమర కర్ణాటక సరిహద్దు దాటినచో వారి బంధువులే షెడ్యూల్డు కులములవారు. ఒక్క కుటుంబములోని అక్కచెల్లెండ్ర బిడ్డలు ఒకరు ఒక జాబితాలోను, ఇంకొకరు వేఱొక జాబితాలోను ఉండవచ్చును. ఇట్టి సరిహద్దు తండానుండి వచ్చిన బాలికను "నీవే కోటావు?" అని నలుగురి యెదుట అడుగు బోధకునకు ఆమె పడు సిగ్గును తెలియదు, ఆమె పుట్టిన సీమ చరిత్రయు తెలియదు. ఆ రెండును అతనికి ఎవరును నేర్పలేదు.

ఇక పూర్వచరిత్ర. 1917లో అక్బర్ హైదరీగారు ప్రభువునకు ఒక విజ్ఞాపనము సమర్పించిరి. పరభాషలో ఉన్నతవిద్య గఱపుట వలన విద్యార్థి శక్తి భాష నేర్చుటయందే వ్యయమగుచున్నదనియు, దేశభాషలో విశ్వవిద్యాలయము నెలకొల్పవలయుననియు అందలి సారము. ఉస్మాన్ అలీఖాన్ ప్రభువు దాని నామోదించెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. 1919 ఆగస్టు 28న కళాశాల తెఱవబడెను. మొదటి తరగతులలో చేరినవారు 225 మంది. బోధకులు 25 మంది. ఒక దేశభాషను విశ్వవిద్యాలయ బోధనాభాషగా చేసిన గౌరవము ఉస్మానియాకు కలదు. ఆ పని సామాన్యమైనది కాదు. అనువాదశాఖ నొకదానిని నెలకొల్పి, వైద్యము, గణితము, రసాయనము, చరిత్ర, న్యాయము మున్నగు శాస్త్రములలో వందలకొలది గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చిరి. వేలకొలది పారిభాషికపదములను కల్పించిరి. దీనిని తక్కువచేసి మాటలాడుట అన్యాయము.

అయితే దేశభాష యనగా ఎవరి దేశభాష? సంస్థాన ప్రజలలో సగమునకు దగ్గఱగా తెలుగువారు, నాలుగవవంతు మరాఠీవారు, ఇంచుమించు ఎనిమిదవవంతు కన్నడిగులు. ఉర్దూ తల్లిభాషగా గలవారు పదిమందికి ఒకరు మాత్రమే. తాండూరు బాలునకు అంగడి ఉర్దూ వచ్చును. అంగడి ఉర్దూ వచ్చినంతమాత్రమున అరబ్బీ ధాతువులనుండి కల్పించిన శాస్త్రపదములు రావు. అతడు ఇంటిలో తెలుగో కన్నడమో మాటలాడి, కళాశాలలో ఉర్దూ వ్యాఖ్యానము విని, నిర్బంధపాఠ్యమైన ఇంగ్లీషులో పరీక్షవ్రాసి నెగ్గవలెను. నెగ్గినవారు లేకపోలేదు. వికారాబాదు సమీపమున సిరిపురమున 1919లో జన్మించిన మఱ్ఱి చెన్నారెడ్డిగారు ఉస్మానియా వైద్యకళాశాలలో 1941లో ఎం.బి.బి.యస్. పట్టము పొందిరి, ఆ కాలమున అచట వైద్యశాస్త్రము ఉర్దూలోనే బోధింపబడుచుండెను. ఆయన పిదప రాష్ట్రముఖ్యమంత్రి యయ్యెను. ఇట్టి ప్రజ్ఞావంతులను చూపి "చదువవలెనన్న పట్టుదల యున్నచో భాష యడ్డము రాదు" అని వాదించు పెద్దలను నేను మన సభలలోనే వినియున్నాను. నెగ్గినవాని పేరు చరిత్రలో నుండును. మొదటి సంవత్సరమే తిరుగురైలెక్కి యిలుచేరినవాని పేరు ఏ పుస్తకమునను లేదు.

ఆ నాటి బోధకులు పండితులు. కొందఱు ఇంగ్లండులోను జర్మనీలోను చదివివచ్చినవారు; మఱికొందఱు ఉత్తరదేశమునుండి పిలిపింపబడినవారు. తెలుగుశాఖలో రాయప్రోలు సుబ్బారావుగారు పనిచేసిరి. కాని చిన్నబడి పంతులునకు శిక్షణాపత్రము కావలెనను నియమము కలదు గాని కళాశాల బోధకునకు అట్టి నియమము ఉస్మానియాలోనే గాదు, మదరాసులోను లేదు, లండనులోను లేదు. శాస్త్రము వచ్చినవానికి చెప్పుటయు వచ్చునని లోకమంతయు నమ్మిన కాలమది. గ్రంథములను సిద్ధపఱచిరి, పదములను సిద్ధపఱచిరి, భవనములను సిద్ధపఱచిరి. 1939 డిసెంబరులో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాలా భవనమును నేటికిని జనులు వచ్చి చూచి పోవుచున్నారు. ఆ భవనపు గదులలో నాలుగు భాషల బాలురు కూర్చుందురే, వారితో మాటలాడుట యెట్లు, అను విషయమును మాత్రము ఎవరును ఆలోచింపలేదు.

తెలుగు పలికినవానికి నగరమునందలి విద్యావంతుల సభలో ఏపాటి మన్నన యుండెడిదో 1921 నవంబరున వెల్లడియయ్యెను. హైదరాబాదు వివేకవర్ధనీ మందిరమున సంఘసంస్కార సభ జరుగుచుండెను. అధ్యక్షులు మహర్షి కార్వేగారు. స్త్రీలకై దేశభాషలో బోధించు విశ్వవిద్యాలయమును 1916లో నెలకొల్పిన మహనీయులు. ఇంగ్లీషు ప్రసంగములును మరాఠీ ప్రసంగములును సాగినవి. ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేవగా సభికులు చప్పట్లు చఱచి, కేకలు వేసి, ఆయనను మాటలాడనీయలేదు. ఆ రాత్రియే కొందఱు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘమునకు పునాది వేసిరి. మాడపాటి హనుమంతరావుగారు ప్రభృతులు దానిని పెంచిరి. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. ఈ యుదంతమును భాషాభిమానమునకు నిదర్శనముగా చెప్పుట వాడుక. నా దృష్టికి ఇందులో వేఱొక విశేషము కనబడును. ఆ సభలో అల్లరిచేసినవారు దుర్మార్గులు కారు, చదువుకొన్నవారు. సంఘసంస్కరణమును కోరి వచ్చినవారు. అధ్యక్షపీఠమున నున్నవారి ఉదారాశయములు సభికుల నడవడిని మార్పలేకపోయినవి. పైనున్నవారి సద్భావము క్రిందివఱకు తనంతట దిగదు, దానిని నేర్పవలసియుండును.

1938లో ఉస్మానియా వసతిగృహములలో వందేమాతర గీతమును పాడరాదని అధికారులు నిషేధించిరి. విద్యార్థులు సమ్మెచేసిరి. వందలమంది బహిష్కరింపబడిరి, వారిలో పెక్కురు నాగపూరు విశ్వవిద్యాలయమునకు పోయి చదువు ముగించుకొనిరి. విద్యార్థి మనస్సునకును విశ్వవిద్యాలయమునకును నడుమ మాటలాడుకొను మార్గమే లేనప్పుడు సంగతులు ఇట్లే పరిణమించును.

మన పెద్దలు చూచుచు ఊరకుండలేదు. 1918లో, తరువాత నగర కొత్వాలైన వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు వెలసెను. సురవరము ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణమున పాలుగొని గ్రంథాలయమును పెంచిరి. దాని వెంబడి ఒక్కొక్క సంఘమువారును కాచిగూడలోను, నారాయణగూడలోను, ఇతరపేటలలోను వసతిగృహములు కట్టిరి. భాగ్యరెడ్డివర్మగారు 1910 ప్రాంతమున మొదలిడి ఆదిహిందూ బాలురకు తెలుగు పాఠశాలలు నడపిరి; వారికి ఇతరుల వసతిగృహములలో చోటు దొరకు కాలము కాదు. పల్లెనుండి వచ్చినవానికి అన్నము, పడక, దీపము, పెద్దవిద్యార్థుల సాయము, ఇవి యన్నియు వసతిగృహములందు లభించెను. అర్థముకాని ఉర్దూ పాఠమును రాత్రి తెలుగున విడమర్చి చెప్పిన సీనియరు విద్యార్థియే నిజమునకు ఆ కాలపు బోధకుడు. కాని దీనివలన ఒక అలవాటును ఏర్పడినది. తరగతిలో జరుగవలసిన పని తరగతివెలుపల జరుగుట సహజమనియు, తెలియకపోవుట విద్యార్థి లోపమనియు, దానిని తీర్చుట అతని కులమువారి బాధ్యత యనియు అందఱును అంగీకరించిరి. మనమును అంగీకరించితిమి. ఏ కులమునకు ధనవంతులు లేరో ఆ కులపు బాలునకు ఆ రాత్రిపాఠమును దొరకలేదు.

1948 సెప్టెంబరున సంస్థానము హిందూదేశమున చేరెను. కొలది సంవత్సరములలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చెను. ఉర్దూలో చదివి ఉర్దూలో చెప్పినవారు ఇంగ్లీషులో చెప్పవలసివచ్చెను. ఉర్దూలో చదువ నేర్చిన తాండూరు బాలుడు మరల మొదటికి వచ్చెను. 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడగా సర్కారు జిల్లాల బోధకులు ఇచటికిని, ఇచటివారు అచటికిని పోవుట కలిగెను. తెలంగాణా తెలుగును విని నవ్విన తరగతులను గూర్చి ఆ తరమువారు చెప్పగా వినని యిల్లు ఈ ప్రాంతమున లేదు. భాష ఒక్కటియే యైనను యాస వేఱగుట చాలు, చిన్నచూపునకు.

కళాశాల బోధకుడును నేర్చుకొనవలసిన దొకటి కలదని హైదరాబాదులో మొదట గుర్తించినది భాషావిషయముననే. 1958లో కేంద్ర ఇంగ్లీషు సంస్థ ఇచట నెలకొల్పబడెను. అది 1972లో విదేశీభాషలను చేర్చుకొని, 2007 నాటికి ఇఫ్లూ అను కేంద్రవిశ్వవిద్యాలయమైనది. ఇంగ్లీషు తల్లిభాష కానివానికి ఇంగ్లీషు చెప్పుట యెట్లో కళాశాలల బోధకులకు నేర్పుట దాని మొదటి పనులలో నొకటి. ఇంగ్లీషు బోధకునకు అవసరమని తోచిన శిక్షణము, ఇంగ్లీషులో భౌతికశాస్త్రము చెప్పు బోధకునకు అక్కఱలేదని ఎట్లు తోచినదో నాకు బోధపడదు. 1964లో నియమింపబడి 1966లో నివేదిక నిచ్చిన కొఠారీ విద్యాసంఘము క్రొత్తగా చేరిన విశ్వవిద్యాలయ బోధకులకు ప్రారంభశిక్షణ ఉండవలెననియు, పెద్ద విశ్వవిద్యాలయములలో అందులకై ప్రత్యేక కళాశాలలు ఉండవలెననియు సూచించెను. సూచన ఇరువదియేండ్లు కాగితముపై నిద్రించెను.

ఈలోపల తరగతిగది మాఱినది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడెను. అప్పటి విద్యామంత్రి పి.వి. నరసింహారావుగారు దాని తొలి అధ్యక్షులు. ఇంటర్మీడియటు, డిగ్రీ పాఠ్యగ్రంథములు తెలుగున వెలువడసాగినవి. 1970లో అనంతరామన్ సంఘము సిఫారసుపై వెనుకబడిన తరగతులకు నూటికి 25 స్థానములు కేటాయింపబడెను. చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల, సాలె, వడ్డెర మున్నగు కుటుంబములనుండి మొదటిసారి కళాశాలమెట్లెక్కినవారు వేలసంఖ్యలో వచ్చిరి. 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయము హైదరాబాదున వెలసి, బడిచదువు పూర్తికానివారిని గూడ ప్రవేశపరీక్షతో చేర్చుకొనెను. దీనివలన ఒక మేలు జరిగినది. దానిని గూర్చి చెప్పువారు తక్కువ. అచటి పాఠరచయితలు తమకు కనబడని చదువరిని, పొలముపనియో రాళ్లపనియో చేసి వచ్చి రాత్రి దీపముకడ చదువుకొనువానిని, మనస్సునందుంచుకొని వ్రాయవలసివచ్చెను. చిన్న చిన్న భాగములుగా విభజించి, ప్రతిభాగము చివర తన్నుతాను పరీక్షించుకొను ప్రశ్నలుంచి, కఠినపదమును అచటనే విడమర్చి వ్రాయు పద్ధతిని అనేకులు మొదట నేర్చినది ఆ పనిలోనే.

1986 జాతీయవిద్యావిధానము తరువాత, 1987లో విశ్వవిద్యాలయ ధనసహాయసంఘము అకాడమిక్ స్టాఫ్ కాలేజీలను నెలకొల్పసాగెను. నగరమున ఉస్మానియాకును, హైదరాబాదు కేంద్రవిశ్వవిద్యాలయమునకును అవి కలిగెను. ఉద్యోగమున క్రొత్తగా చేరినవారికి సుమారు నాలుగువారముల ప్రారంభశిక్షణ, అనుభవము గలవారికి మూడువారముల పునశ్చరణ తరగతి. ఉస్మానియా కళాశాల తెఱచిన 68 ఏండ్లకు బోధకునకు బోధించు తావు దొరకినది. వికారాబాదు, తాండూరు కళాశాలల బోధకులు అచటికే పోయి వచ్చుచుండిరి. ఫలితమేమన్నచో, మంచివక్తలను విని ఉత్తేజము పొంది వచ్చినవారు కొందఱు. పదోన్నతికి కావలసిన పత్రము చేతికి రాగానే అంతటితో ముగించినవారు చాలమంది. ఇందులకు బోధకులనే నిందింప పనిలేదు. శిక్షణను పదోన్నతికి మెట్టుగా నిర్ణయించినచో దానిని మెట్టుగానే త్రొక్కుదురు. 1989 డిసెంబరున మొదలైన జాతీయ అర్హతాపరీక్షలో బోధనాశక్తిని గూర్చిన ప్రశ్నలును కలవు. నాలుగు సమాధానములలో నొకదానిని గుర్తించుట వలన బోధనాశక్తి తేలునా యనునది చదువరులే యోచింపవలెను.

ఇది మన వెనుకబాటు మాత్రమే యనుకొనరాదు. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలు గల ఇంగ్లండులోనే 1997లో డియరింగు కమిటీ చెప్పిన పిదపగాని విశ్వవిద్యాలయ బోధకులకు బోధనాశిక్షణ యొక జాతీయవిషయము కాలేదు.

శిక్షణ యేర్పడినను, అందు విద్యార్థుల భిన్నత్వము ముఖ్యాంశము కాలేదు. అది ముందునకు వచ్చుటకు దుఃఖకరమైన సంఘటనలు కావలసివచ్చెను. 2007లో థోరాట్ కమిటీ ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో కులవివక్షను విచారించి, దళిత, గిరిజన విద్యార్థులు తరగతిలోను, పరీక్షలలోను, వసతిగృహమునను పొందు అవమానములను బయటపెట్టెను. 2008నుండి కేంద్రవిద్యాసంస్థలలో వెనుకబడినవారికి నూటికి 27 స్థానములు అమలులోనికి వచ్చెను. 2012లో ధనసహాయసంఘము సమత్వమును గూర్చి నియమములు చేసెను. ఆ నియమములలో కొన్నింటిని చూడుడు: తరగతిలో విద్యార్థి కులమును, తెగను, మతమును, ప్రాంతమును ప్రకటింపరాదు, ఇతడు రిజర్వేషను వాడని పేరుపెట్టి పిలువరాదు. ఇట్టి సంగతిని ప్రభుత్వపత్రములో వ్రాసి నిషేధింపవలసివచ్చినదన్నచో, అది ఎంత వాడుకలో నుండెనో ఊహింపదగును. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రవిశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థియైన వేముల రోహిత్ ఆత్మహత్య చేసికొనెను. ఆ మరణమును గూర్చి రాజకీయముగా ఎవరికి తోచినట్లు వారు వాదించిరి. 2019లో అతని తల్లియు, ముంబయిలో అట్లే బిడ్డను కోల్పోయిన మఱొక తల్లియు కలిసి సర్వోన్నత న్యాయస్థానమును ఆశ్రయించి, 2012 నియమములు అమలు కావలెనని కోరిరి. నియమము ఉండియు ఏడేండ్లకు దానిని అమలుచేయుడని ఇద్దఱు తల్లులు న్యాయస్థానపు తలుపు తట్టవలసివచ్చినది. నియమమును చదువని బోధకునిచే నియమము ఎట్లు అమలగును?

అదే 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చి, ఉన్నతవిద్యలో నూటికి ఐదు స్థానములకు తగ్గకుండ వారికి కేటాయించెను. చూపులేని విద్యార్థిని కళాశాలలో చేర్చుకొనుట చట్టము పని. నల్లబల్లమీద గీసిన రేఖాచిత్రమును మాటలతో వర్ణించి చెప్పుట బోధకుని పని. మొదటిది ఒక్కనాటి ప్రకటనతో జరిగినది.

తుదకు 2023 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయదినమున, మాలవీయ మిషను అను పేర బోధకుల శిక్షణ పునర్వ్యవస్థీకరింపబడెను. పూర్వపు స్టాఫ్ కాలేజీలే మాలవీయ కేంద్రములైనవి. నగరమున ఉస్మానియా, కేంద్రవిశ్వవిద్యాలయము, జవహర్లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము, 1998లో స్థాపింపబడిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయము ఈ నాలుగింటను అట్టి కేంద్రములు కలవు. శిక్షణకు నిర్ణయించిన విషయములు ఎనిమిది. వానిలో నొకటి విద్యార్థుల భిన్నత్వమును, అందఱిని కలుపుకొను విద్యయును. ఉస్మానియా మొదటి తరగతినుండి లెక్కించినచో 104 ఏండ్లు. ఎనిమిదింటిలో ఒకటిగా నైనను ఈ విషయము తన పేరుతో తాను పాఠ్యప్రణాళికలోనికి వచ్చినది.

ఇట్టి శిక్షణలో నేర్వదగినదేమని పోషకులు అడుగవచ్చును. ఉదారవచనములు కొన్ని విని వచ్చుటయే యైనచో దానికి రెండువారములు అక్కఱలేదు. నేర్వవలసినవి చిన్నపనులు, చిన్నవి గనుకనే ఎవరును చెప్పరు. పారిభాషికపదమును ఇంగ్లీషున చెప్పి, వెంటనే తెలుగున విడమర్చి, ఉర్దూ చదివివచ్చినవానికి ఆ భాషాపదమును తెలిసినచో చెప్పి, మూడింటిని బల్లమీద వ్రాయుట. వ్రాయునప్పుడు తరగతికి వీపు త్రిప్పి మాటలాడకుండుట. పెదవుల కదలికను చూచి గ్రహించు చెవిటి విద్యార్థి యొకడు ఉండవచ్చును. వ్రాసినదానిని బిగ్గఱగా చదువుట. చూపులేని విద్యార్థిని యొకతె ఉండవచ్చును. ప్రశ్న యడిగి కొంత సేపు ఊరకుండుట. దీనికి శాస్త్రాధారము కలదు. అమెరికాలో మేరీ బడ్ రో అను విదుషి 1970 ప్రాంతమున బడి తరగతులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న యడిగిన పిదప ఒక సెకండునకు మించి ఆగుట లేదనియు, మూడు సెకండ్లు ఆగినచో సాధారణముగా నోరెత్తని పిల్లలును సమాధానము చెప్పుచున్నారనియు కనుగొనెను. ఇంటిభాషలో ఆలోచించి ఇంగ్లీషులోనికి మార్చుకొని చెప్పవలసిన తాండూరు విద్యార్థికి ఆ మూడు సెకండ్లలోనే చదువు నిలుచుటయో పోవుటయో యుండును.

ఉదాహరణముల సంగతియు నట్లే. అర్థశాస్త్రమున గిరాకీ, సరఫరా చెప్పునప్పుడు విదేశపు కాఫీ ధరలే యేల? తాండూరు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ పేరు వచ్చిన పిదప మార్కెటులో ధర యెట్లు కదలినదో తరగతిలోని రైతుబిడ్డలు బోధకునకే చెప్పగలరు. భూగర్భశాస్త్రమునకు తాండూరు సున్నపురాతి గనులకంటె మంచి పాఠ్యగ్రంథము లేదు. రాళ్లపనివాని కుమారుడు ఆ దినమున తరగతిలో అందఱికంటె ఎక్కువ తెలిసినవాడగును. అట్టి దినము అతనికి ఒక్కటైనను రావలెను.

ఇచట మన సంఘమును గూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. మనవారు బోధకపదవులలో చేరినందులకు సన్మానములు చేయుచున్నాము; శాలువలు కప్పుచున్నాము. మంచిదే. కాని మన సంఘమున పుట్టిన బోధకుడు మనకంటె క్రిందివారని లోకము చెప్పుకొను కులములనుండి వచ్చిన విద్యార్థితో ఎట్లు మెలగుచున్నాడని ఎన్నడైనను విచారించితిమా? మనవాడు ఇతరుల తరగతిలో అవమానము పొందినపుడు మనము సభచేసితిమి. మనవాని తరగతిలో ఇతరుడు అవమానము పొందినచో ఆ సంగతి మన చెవికి రాదు. ఈ సంచికలో ఇట్టి మాట వ్రాయుట కొందఱకు రుచింపకపోవచ్చును. సంఘము బలపడిన కొలది ఈ ప్రశ్న బరువెక్కును గాని తేలిక కాదు.

ఇక మహాసభవారు చేయదగిన పని యున్నది; అది పెద్దవ్యయముతో కూడినది కాదు. మన వసతిగృహముల అధికారులు ప్రతిసంవత్సరమును విద్యార్థుల పేర్లు, ఊళ్లు, మార్కులు వ్రాసికొనుచున్నారు. దానితోపాటు ఇంటిభాష యేది, పదవతరగతి వఱకు ఏ భాషలో చదివెను, ఇంటిలో మునుపు కళాశాలకు పోయినవారు కలరా, చూపు, వినికిడి మొదలగువానిలో ఏదైన సాయము కావలెనా అను నాలుగు సంగతులను విద్యార్థి యిష్టపడినచో వ్రాసికొని, అతని అనుమతితో కళాశాల ప్రిన్సిపాలునకు పంపవచ్చును. కులమును వ్రాయ నక్కఱలేదు. అది బోధకునకు అవసరమైన సమాచారము కాదు.

రెండవ పని మన పోషకులలో కళాశాలలు నడపుచున్నవారిది. ప్రభుత్వకళాశాలల బోధకులకు శిక్షణకు పోవుటకు మార్గము కొంత సుగమము. ప్రైవేటు కళాశాలలలో గంటలలెక్కన పనిచేయు బోధకుడు రెండువారములు తరగతులకు రానిచో ఆ రెండువారముల జీతము పోవును. ఒక్కొక్కచోట కొలువే పోవును. అంతర్జాలమున తరగతులు జరుగుచున్నను, ఉదయమునుండి సాయంకాలము వఱకు నాలుగు తరగతులు చెప్పినవాడు రాత్రి శిక్షణలో నిద్రబోక యేమి చేయును? తాండూరు, వికారాబాదు, పరిగి ప్రాంతములలో విద్యాసంస్థలు గల మన పోషకులు, సంవత్సరమునకు ఇద్దఱేసి బోధకులను జీతముతో కూడిన సెలవుపై ఈ శిక్షణకు పంపుటకును, ఆ దినములలో వారి తరగతులు చెప్పువారికి సంఘనిధినుండి వేతనమిచ్చుటకును ఒక యేర్పాటు కావలెను. రేపటి విషయనిర్ణయ సభలో వసతిగృహ నిధుల తీర్మానము చర్చకు వచ్చును గదా. ఆ తీర్మానమునకే ఈ యంశమును ఒక ఉపవాక్యముగా చేర్చి, జూనులో కళాశాలలు తెఱచుటకు ముందు మొదటి ఇద్దఱి పేర్లను కార్యదర్శిగారికి అందజేయవలసినదిగా ఆ పోషకులను కోరుచున్నాను.